రెండు బల్లల ఎన్నిక

మా హైస్కూలు పూర్వ విద్యార్థుల సంఘానికి ఈసారి ఆన్‌లైన్లో ఎన్నిక జరిపించే పని నా నెత్తిన పెట్టారు. నాకు కంప్యూటర్లు బాగా వచ్చని కాదు. మేష్టరుగా పనిచేసినన్నాళ్లూ ఏ ఎన్నికొచ్చినా నాకు ప్రిసైడింగ్ ఆఫీసర్ డ్యూటీ పడేది. సాలూరు, కురుపాం కొండల్లో నేను రాత్రి పడుకోని బడి తక్కువ. పైగా సంఘంలో ఉన్న రెండు వర్గాలూ నన్ను సమానంగా ఆడిపోసుకుంటాయి. అంతకుమించిన అర్హత అక్కర్లేదనుకున్నట్టున్నారు.

విజయనగరానికి దగ్గర్లోని మా బడిలో చదివినవాళ్లు ఇప్పుడు అన్ని దిక్కులా ఉన్నారు. జూట్ మిల్లులో పనిచేసి ఇంటిపట్టున ఉంటున్నవాళ్లు కొందరు, మిలిటరీ పింఛను వాళ్లు కొందరు, విశాఖ ఉక్కులో, హైదరాబాదులో, దుబాయిలో, డల్లాస్‌లో ఉన్నవాళ్లు మరికొందరు. అందరూ ఒకచోటికి వచ్చేది పైడితల్లమ్మ సిరిమాను పండక్కే, అదీ వీలైతే. అందుకే ఓటు ఫోన్లోనే అన్నారు.

అంతకుముందు వేరేవాళ్లు నిర్వహించిన ఎన్నిక రద్దయింది. వాట్సాప్‌లో ఒక లింకు వదిలి, పేరు రాసి ఓటు నొక్కమన్నారు. సభ్యుల కంటే ఓట్లు ఎక్కువ వచ్చాయి. కాలం చేసిన ఇద్దరు కూడా ఓటేశారు. వాళ్లలో ఒకాయన పెద్దకర్మకి నేను స్వయంగా వెళ్లి భోజనం చేసి వచ్చాను.

ఈసారి అలా జరక్కూడదని కమిటీ కూర్చున్న మొదటి రోజే సెక్రటరీ తేల్చేశాడు. "ఇందులో ఏటుంది మాస్టారూ, ఆధార్ రెండు పక్కలా ఫొటో తీసి పంపమంటే సరిపోద్ది. దొంగోడెవడూ రాడు."

ఎవరూ ఎదురు చెప్పలేదు. హోటల్లో గదికీ, సిమ్ కార్డుకీ, జిరాక్సు కొట్టు కుర్రాడికీ ఇచ్చేస్తున్నదే కదా, మనకెందుకివ్వరు అనే ధోరణి. నేను అడిగింది ఒక్కటే. ఫొటో వస్తే ఏం తెలుస్తుంది? ఆ కార్డు ఫొటో ఇప్పటికి ఎన్ని చేతులు మారిందో సొంతదారుకే తెలీదు. ఫొటో పంపినవాడే ఆ మనిషని ఆ ఫొటో చెప్పలేదు. పోనీ నంబరు సరైనదో కాదో ఆధార్ సర్వర్‌ని అడుగుదామంటే, దానికి ఆధార్ జారీచేసే సంస్థ యూఐడీఏఐ అనుమతి ఉండాలి, మనలాంటి పూర్వ విద్యార్థుల సంఘానికి అది ఉండదు. ప్రైవేటు సంస్థలు ఆధార్ అడగడానికి తలుపు తెరిచిన ఆధార్ చట్టం 57వ సెక్షన్ భాగాన్ని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న కొట్టేసింది కూడాను.

మా కమిటీలో ఒకమ్మాయి బ్యాంకు ఉద్యోగి. మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకోవచ్చు కదా అంది. యూఐడీఏఐ సంతకంతో వచ్చే ఆఫ్‌లైన్ ఫైలు సంగతి కూడా ఆమే చెప్పింది. మనమే దింపుకుని, నాలుగక్షరాల షేర్ కోడ్ పెట్టి ఇస్తాం, అందులో ఆధార్ నంబరు పూర్తిగా ఉండదు, ఎవరైనా దిద్దితే సంతకం చెల్లదు. నిజంగా మంచి ఏర్పాటు అది, అవసరమైన చోట అందరూ వాడుకోవాల్సిందే. కానీ అందులో కూడా చిరునామా, పుట్టినతేదీ, ఫొటో వస్తాయి. వాటితో మాకేం పని?

అసలు చిక్కు ఇంకోటి ఉంది. మా దగ్గరున్న జాబితా బడి అడ్మిషన్ రిజిస్టరు. అందులో ఆడపిల్లలవి పుట్టింటి ఇంటిపేర్లు, ఆధార్లో అత్తింటివి. ఇక పుట్టినరోజంటారా, మా రిజిస్టరు ప్రకారం బడిలో సగం మంది జూలై 1నే పుట్టారు. చేర్పించిన మేష్టర్ల దయ. డల్లాస్ వాళ్లలో కొందరికి ఆధారే లేదు. ఊరంతా నమ్మే కార్డు మా రిజిస్టరు దగ్గరికొచ్చేసరికి ఏ పేరుతోనూ కలవదు.

అప్పుడు నేను కాగితం మీద మూడు ప్రశ్నలు రాశాను. ఓటు వేస్తున్నది మనిషేనా? మన మనిషేనా? ఈసారికి ఇంతకుముందే వేసేశాడా? ఈ మూడూ తెలిస్తే చాలు, నాలుగోది తెలియకూడదు, అంటే ఎవరికి వేశాడో.

మనకిది కొత్త కాదు. బూత్‌లో మొదటి అధికారి జాబితాలో పేరు చూసి పైకి చదువుతాడు. ఏజెంట్లకి అనుమానమొస్తే అక్కడే రెండు రూపాయలు కట్టి ఛాలెంజ్ చేస్తారు. రెండో అధికారి రిజిస్టరులో సంతకం తీసుకుని, ఎడమచేతి చూపుడువేలికి సిరా పెట్టి, చీటీ ఇస్తాడు. ఆ తరవాత ఇంకెవరూ నీ పేరు అడగరు. అట్ట వెనక ఉన్న యంత్రానికి పేర్లు తెలీవు, లెక్కే తెలుసు. సిరా కూడా అంతే. మైసూరులో తయారయ్యే ఆ సిల్వర్ నైట్రేట్ సిరా 1962 ఎన్నికల నుంచీ వాడుకలో ఉంది. ఆ మచ్చ ఈ వేలి మనిషి ఓటేశాడని చెప్తుంది, అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు. పేరడిగే బల్ల ఒకటి, పేరడగని బల్ల ఒకటి. ఆన్‌లైన్లో అందరూ మొదటి బల్ల దగ్గర కాగితాల మీద కాగితాలు అడుగుతున్నారు. రెండో బల్ల ఎక్కడ వేయాలో ఎవరికీ పట్టలేదు.

మనిషేనా అన్న ప్రశ్నకి కుర్రాళ్లు మొదట క్యాప్చా పెట్టి చూపించారు. ఈ పద్ధతికి ఆ పేరు పెట్టింది అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం వాళ్లు, 2000 ప్రాంతపు మాట. వంకరటింకర అక్షరాలు మనిషి చదవగలడు, యంత్రం చదవలేదు అనే నమ్మకం మీద నడిచింది. ఇప్పుడు అక్షరాలు పోయి బొమ్మలొచ్చాయి. ఫైర్ హైడ్రెంట్, అంటే మంటలార్పడానికి రోడ్డుపక్క పెట్టే నీళ్ల కుళాయి, ఉన్న గళ్లన్నీ నొక్కమంటుంది. విజయనగరం మూడు లాంతర్ల సెంటర్లో నిలబడి నలుదిక్కులా చూసినా అలాంటి వస్తువు కనపడదు. నా క్లాస్‌మేట్ ఒకడు ఫోను ముక్కుదాకా తెచ్చుకుని కాసేపు చూసి, "ఇది నన్ను మనిషి కాదంటోందిరా" అన్నాడు. ఈ బొమ్మల్ని ఇప్పుడు యంత్రాలే బాగా పోల్చేస్తున్నాయి, పోల్చలేనివి డబ్బులిచ్చి మనుషుల చేత చేయించే దుకాణాలూ ఉన్నాయి. మాకు దానివల్ల డెబ్బై దాటినవాళ్లే బయట మిగిలేట్టున్నారు. తీసేశాం.

ఓటీపీ అందరికీ అలవాటే. కానీ మన దేశంలో ఒక మనిషి పేరు మీద తొమ్మిది సిమ్ములు ఉండొచ్చు. అందుకని ఒక నంబరంటే ఒక మనిషి అనుకోడానికి లేదు. దానికి తోడు ఒకే ఫోను ఇంటిల్లిపాదీ వాడే ఇళ్లున్నాయి. 1979 బ్యాచ్ ఆవిడ ఒకరు నాతో అన్న మాట ఇది. "ఓటు నాదే గానీ మాస్టారూ, ఫోను మావోడిది. ఓటీపీ వాడికొస్తాది. వాడు సెప్తే కొడతాను." ఆవిడ ఎవరికి ఓటేస్తుందో కొడుక్కి తెలియకుండా ఉండడం ఆ ఇంట్లో ఎంతవరకు కుదురుతుందో మీరే ఊహించుకోండి. జాబితాలో మగవాళ్లలో ఎక్కువమందికి సొంత నంబర్లున్నాయి. పాత బ్యాచ్‌ల ఆడవాళ్లవి చాలామటుకు భర్తవో కొడుకువో.

ఒక కంపెనీ వాళ్లు కూడా వచ్చారు. ముఖం అటూ ఇటూ తిప్పి వీడియో తీస్తే మనిషో కాదో మేం చెప్పేస్తాం అన్నారు. ఆ వీడియో ఎన్నాళ్లు దాస్తారు అంటే, నాణ్యత పెంచుకోడానికి కొంతకాలం అన్నారు. ఎంతకాలం అంటే పాలసీలో ఉంటుందన్నారు. టీ ఇచ్చి పంపేశాం. డల్లాస్ నుంచి ఒకాయన, మనిషేనని తేల్చడానికి కంటిపాప స్కాన్ చేసే వరల్డ్‌కాయిన్ వాళ్ల గోళం గురించి ఉత్సాహంగా చెప్పాడు. 2023లో ప్రపంచమంతా మొదలైంది గానీ అదే ఏడాది ఆగస్టులో కెన్యా ప్రభుత్వం ఆపించేసింది. సంఘం కోశాధికారి ఎన్నిక్కి కంటిపాపలు ఎందుకండీ అని నేనంటే ఆయనకి కోపమొచ్చింది.

చివరికి మొదటి బల్ల మీద యంత్రాన్ని కాకుండా మనుషుల్నే కూర్చోబెట్టాం. బడి నుంచి బయటికొచ్చిన ప్రతి బ్యాచ్‌కీ ఇద్దరు సాక్షులు, వర్గానికొకరు, బూత్ ఏజెంట్ల లెక్కన. వాట్సాప్ వీడియో కాల్లో సభ్యుణ్ని చూసి ఇద్దరూ అవునంటేనే జాబితాలో టిక్కు. కాల్ రికార్డు చేయకూడదు, స్క్రీన్‌షాట్ తీయకూడదు. వీడియోని నమ్మొచ్చా అని బ్యాంకు అమ్మాయి అడిగింది. న్యాయమైన ప్రశ్నే. 2024లో హాంకాంగ్‌లో నకిలీ ముఖాలతో జరిగిన వీడియో మీటింగ్‌ని నమ్మి ఒక ఉద్యోగి 20 కోట్ల హాంకాంగ్ డాలర్లు పంపేశాడు. కానీ అక్కడ అడిగింది డబ్బు, మాట్లాడింది ఆఫీసు భాష. ఇక్కడ అడిగేది వానొస్తే ఏ క్లాసులో నీళ్లు కారేవో, ఇంటర్వెల్లో జీళ్లు అమ్మే ముసలమ్మ ఎక్కడ కూచునేదో. ఒకాయన ముప్పై ఏళ్లుగా బయటి దేశంలో ఉన్నాడు, తెలుగు యాస కూడా మారిపోయింది, సాక్షులకి అనుమానమొచ్చింది. వాళ్లలో ఒకడు చిన్నప్పటి వెక్కిరింపు పేరుతో పిలిచాడు. అవతలాయన మొహం ఎర్రబడి, "ఒరేయ్, ఆ పేరు నీకింకా గురుతుందేట్రా!" అన్నాడు. ఇద్దరూ ఒకేసారి టిక్కు పెట్టారు.

ఇలా మనిషేనా, మన మనిషేనా అన్న రెండు ప్రశ్నలూ ఒక్క కార్డు కూడా చూడకుండా తీరాయి. ఇది వేల మందితో కుదరదని నాకూ తెలుసు. ముఖాలు గుర్తుపట్టే వాళ్లున్నంత మేరకే.

మిగిలింది చీటీ. టిక్కు పెట్టినవాళ్లకి ఒక రహస్య సంఖ్య ఇచ్చి దాంతో ఓటేయమందామని మొదటి ఆలోచన. కానీ ఇచ్చినవాడికి ఏ సంఖ్య ఎవరిదో తెలుస్తుంది. నమ్మకస్తుణ్ని పెడదామంటే రెండు వర్గాలకీ కలిపి నమ్మకస్తుడు మా ఊళ్లో పుట్టలేదు. ఇక్కడ ఆదుకున్నది నా పాత విద్యార్థి. బెంగళూరులో సాఫ్ట్‌వేర్ చేస్తున్నాడు. "మాస్టారూ, మీరు మార్కుల జాబితా కార్బన్ పెట్టి రాసేవోరు కదా, అదే ఇది" అని మొదలెట్టాడు.

డేవిడ్ చౌమ్ అనే ఆయన 1982లో చెప్పిన ఉపాయమట. సభ్యుడు తనకి తోచిన సంఖ్య ఒక చీటీ మీద రాసి, లోపల కార్బన్ ఉన్న కవర్లో పెట్టి, అంటించి మన బల్ల దగ్గరికి తెస్తాడు. మనం జాబితాలో టిక్కు చూసుకుని కవరు మీద సంతకం పెడతాం. కార్బన్ వల్ల సంతకం లోపలి చీటీ మీద పడుతుంది. అతను ఇంటికెళ్లి కవరు చించేస్తాడు. ఇప్పుడు చీటీ మీద మన సంతకం ఉంది, సంఖ్య మాత్రం మనం చూడలేదు. ఎన్నిక రోజున ఆ చీటీ రెండో బల్ల మీద పెడితే, సంతకం మనదేనని తెలుస్తుంది, ఎవరి కోసం పెట్టామో మనకే తెలీదు. ఫోన్లో కవరూ కార్బన్ ఉండవు, లెక్కలుంటాయి. ఫోనే ఒక పొడవాటి సంఖ్య ఎంచుకుని, దాన్ని ఇంకో సంఖ్యతో కలిపి మరుగుచేసి పంపుతుంది. సంతకం తిరిగొచ్చాక ఆ మరుగు తీసేస్తుంది. దీన్నే బ్లైండ్ సిగ్నేచర్ అంటారు, టోకెన్ అంటే సంతకం పడ్డ ఆ సంఖ్యే. కొన్ని ఫోన్లు క్యాప్చా గొడవ లేకుండా వెబ్‌సైట్లు తెరవనిచ్చేది కూడా ఇలాంటి టోకెన్లతోనేనట. ఐఫోన్లలో 2022 నుంచి ఉంది. అయితే అది ఫోను అసలుదని చెప్తుందే తప్ప మనిషి ఒక్కడేనని కాదు, ఆ పని మాకు మా సాక్షులే చెయ్యాలి అన్నాడు.

మా సెక్రటరీకి ఇది రెండుసార్లు చెప్పాల్సొచ్చింది. అర్థమయ్యాక మాత్రం అందరికీ ఆయనే చెప్పడం మొదలెట్టాడు.

లెక్క బాగున్నంత మాత్రాన గుట్టు నిలవదు. పది గంటలకి ఒకాయన టోకెన్ తీసుకుని, పదీ అయిదుకి ఓటు పడితే గడియారం చూసినవాడికి అంతా తెలిసిపోతుంది. అందుకని టోకెన్లు ఒక వారం, ఓటింగ్ ఆ తరవాత సిరిమానుకి ముందొచ్చే ఆదివారం ఒక్కరోజు అని విడదీశాం. ఓట్లు పడే సర్వర్లో ఏ ఫోను ఎక్కణ్నుంచి వచ్చిందన్న చిట్టా రాయకుండా ఆపించి, రెండు వర్గాల ఇంజనీర్లనీ పక్కన కూర్చోబెట్టి చూపించాం. ఇక ఒక అభ్యర్థి బ్యాచ్‌ల వారీగా ఫలితాలు కావాలన్నాడు. 1966 బ్యాచ్‌లో మిగిలింది ముగ్గురు. వాళ్ల ఓట్లు విడిగా చదివితే గుట్టేముంది? కుదరదన్నాను. అభ్యర్థి గారు ఇప్పటికీ నాతో ముభావంగానే ఉన్నారు.

బూత్‌లో పోలింగుకి ముందు కనీసం యాభై ఓట్లతో మాక్ పోల్, అంటే ఉత్తుత్తి పోలింగు, చేస్తాం. ఇక్కడా చేశాం. చేయడం మంచిదైంది, పాత ఫోన్లలో ఒక అభ్యర్థి పేరులో ఒత్తులు చెదిరిపోయి వేరే మనిషి పేరులా కనిపించింది. సరిచేయించాం.

ఫోన్ లేనివాళ్లకీ, 1979 బ్యాచ్ ఆవిడలాంటి వాళ్లకీ బడిలోనే కాగితం ఓటు. వాళ్ల పేరు ఎదురుగా కాగితం అని రాసేస్తే ఇక టోకెన్ రాదు. ఆవిడ ఆదివారం పొద్దున్నే పట్టుచీర కట్టుకుని వచ్చింది, కొడుకుని గేటు బయట ఉండమంది.

ఆ రోజు పెద్ద గొడవ ఒక్కటే. హైదరాబాదులో ఒకాయన వారం మధ్యలో ఫోను మార్చేశాడు. టోకెన్ పాత ఫోనుతో పాటే పోయింది. కొత్తది ఇమ్మన్నాడు. ఇవ్వడానికి లేదు, పాతది ఏదో మాకు తెలీదు కనక రద్దు చేయలేం, రద్దు చేయకుండా ఇస్తే ఆయనకి రెండు ఓట్లు. "మీకే తెలీని పద్ధతి మీరెట్టుకోవడమేటండీ?" అని కేకలేశాడు. మాకు తెలీకపోవడమే ఆ పద్ధతి అని చెప్తే చల్లారే మనిషి కాదు. బూత్‌లో మీ పేరు మీద ఎవరో ముందే ఓటేసేస్తే టెండర్డ్ ఓటు ఇస్తాం. అది యంత్రంలో పడదు, విడిగా కవర్లో ఉంటుంది, లెక్కింపులో కలపరు. ఈయన చేత కూడా అలా ఒక కాగితం ఓటు వేయించి కవర్లో పెట్టాం. ఎవరైనా ఒక్క ఓటు తేడాతో ఓడితే అప్పుడు రెండు వర్గాలూ కూర్చుని తేల్చాలన్నాం. అంత తేడా రాలేదు, కవరు విప్పలేదు. ఆయన మాత్రం తన ఓటు పోయిందనే అంటాడు. ఆ మాట తప్పని నేననలేను.

ఎన్నికయ్యాక కొత్త కమిటీ ఫోన్ నంబర్ల జాబితా అడిగింది, విరాళాలకి పనికొస్తుందట. ఓటు కోసం ఇచ్చిన నంబరు ఓటుతోనే ఆఖరు అన్నాను. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం కూడా ఏ పనికి తీసుకున్న సమాచారం ఆ పనికే వాడమంటోంది, పనయ్యాక చెరిపేయమంటోంది. అభ్యంతరాల గడువు దాటగానే ఇరుపక్షాల ముందు చెరిపించాం. టిక్కుల జాబితా ఒక్కటే, ఎవరు ఓటుకి అర్హులయ్యారన్నంత వరకు, కాగితం మీద ఉంచాం.

తీరనిది ఒకటుంది. ఇంట్లో అట్ట అడ్డం ఉండదు. ఆదివారం మధ్యాహ్నం ఒకాయన నాకు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "మావోడు నొక్కీసినాడు మాస్టారూ, నాను సెప్పినోడికి కాదు" అన్నాడు. ఒకే టోకెన్‌తో సాయంత్రం అయిదు దాకా ఎన్నిసార్లయినా ఓటు మార్చుకోవచ్చు, ఆఖరిదే లెక్క అని ముందే నియమం పెట్టాం, అందుకే. కొడుకు బజారుకెళ్లాక మళ్లీ వేసుకోమన్నాను, వేసుకున్నాడట. కొడుకు అయిదు దాకా కదలకుండా కూర్చుంటే ఏం చేయాలో మా దగ్గర జవాబు లేదు. విజయనగరం చుట్టుపక్కల ఉన్నవాళ్లందరికీ బడిలో కాగితం ఓటు, దూరాన ఉన్నవాళ్లకే ఫోను అని వచ్చేసారికి ప్రతిపాదన రాసిచ్చాను. కమిటీ ఇంకా తేల్చలేదు.